కుడిచేతి గది, ఎడమచేతి అమ్మ

ముందు నా గురించి రెండు ముక్కలు. నాది ఎడమచేతివాటం. ఎత్తు అయిదడుగులు, జుట్టు ముడేసుకుంటే ఇంకో అంగుళం. బేబీ ఫర్నిచర్ రివ్యూలో ఈ సోదంతా ఎందుకంటారేమో, కాస్త ఓపిక పట్టండి.

కొన్నది మూడు వస్తువుల నర్సరీ సెట్. క్రిబ్ (పసిపిల్లలు పడుకునే కడ్డీల మంచం), పైన డైపర్లు మార్చే ట్రే బిగించిన మూడు సొరుగుల బల్ల, ముందుకూ వెనక్కూ ఊగే కుర్చీ. మూడూ ఒకే లేత చెక్కరంగు, ఒకే తరహా గుండ్రటి కాళ్లు. వీటికి తోడు డెకర్ ప్యాక్ అని ఇంకో అట్టపెట్టె. అందులో క్రిబ్ చుట్టూ కట్టే మెత్తటి బంపర్, అరచేయంత దిండు, చిన్న బొంత, మొబైల్, అంటే ఫోన్ కాదు, క్రిబ్ పైన మేఘాలూ చందమామా వేలాడే బొమ్మల గుత్తి. లింకు పంపింది మా చెల్లి. "అక్కా, కళ్లు మూసుకుని కొనెయ్" అంది. అలాగే కళ్లు మూసుకుని కొన్నాను. దీనికి అయిదు స్టార్లు ఇచ్చినవాళ్లలో చాలామంది కూడా అలాగే కొన్నట్టున్నారు. "పాప ఇంకా పుట్టలేదు, గది మాత్రం సూపర్" అనే రివ్యూలు కొన్ని లెక్కపెట్టి మానేశాను. నాది తొమ్మిది నెలల వాడకం.

క్రిబ్‌తో మొదలుపెడతా. గదికి రంగులు వేయించాం, కిటికీకి దూరంగా లోపలి గోడ పక్కన క్రిబ్ బిగించాం, షీటు పరిచాం, ఫొటోలు తీసి చెల్లికి పంపాం. అన్నీ అయ్యాక, కాన్పుకి ముందు తొమ్మిదో నెల చెకప్‌లో డాక్టరమ్మ అడిగారు, పాపను ఎక్కడ పడుకోబెడతారని. నేను గర్వంగా ఫోన్ తీసి ఫొటో చూపించాను. ఆవిడ బాగుందని మెచ్చుకుని, "కనీసం ఆరు నెలలు మీ గదిలోనే ఉంచుకోండమ్మా. మీ మంచం మీద వద్దు, తన పక్క తనకే" అన్నారు. ఇంటికొచ్చి చదివితే అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2022లో సవరించిన సూచనల్లోనూ ఇదే మాట ఉంది. ఇంత ముస్తాబు చేసిన గదిలో ఆరు నెలల దాకా రాత్రిపూట పడుకునే నాథుడే లేడన్నమాట.

సరే, క్రిబ్‌ని మా గదిలోకి జరుపుకుంటే పోలా అనుకున్నాం. క్రిబ్ వెడల్పు 76 సెం.మీ. మా తలుపు సందు 72. మా ఆయన దాన్ని అడ్డంగా తిప్పారు, నిలువుగా లేపారు, ఏటవాలుగా వంచారు. గోడకి కొత్త రంగు పోయింది, క్రిబ్ మాత్రం గడప దాటలేదు. కొలతలు వెబ్‌సైట్‌లో రాసే ఉన్నాయి, ఆ తప్పు మాదే. కానీ విప్పి మళ్లీ బిగించడం గురించి అక్కడ ఒక్క ముక్క లేదు కాబట్టి నేను రాస్తున్నా. పక్కపలకల్లో, పొడుగు బోల్టు వచ్చి చేరే చోట, వేలి కొసంత లోహపు నట్టు ఒకటి అడ్డంగా కూర్చుని ఉంటుంది. మొదటిసారి బుద్ధిగానే ఉంటుంది. రెండోసారి చెక్కరంధ్రం వదులై, బోల్టుతో పాటు తనూ గుండ్రంగా తిరుగుతుంది. ఎంత తిప్పినా బిగుసుకుంటున్నట్టే అనిపిస్తుంది, బిగుసుకోదు. ఆ నట్టు తల మీద సన్నటి గాటు ఉంటుంది. దాంట్లో స్క్రూడ్రైవర్ దూర్చి కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో బోల్టు తిప్పాలి. ఈ సంగతి మాకు తెలిసేసరికి అర్ధరాత్రి ఒంటిగంట. ఆరు నెలలు నిండాక మళ్లీ విప్పాం, మళ్లీ బిగించాం. ఇప్పుడు నెలకోసారి క్రిబ్ పట్టుకుని ఊపి చూస్తాను, ఎక్కడన్నా కిర్రుమంటే ఆ బోల్టు దగ్గరికి పోతాను.

ఇదంతా చెప్పినా, మూడింట్లో మంచి వస్తువు క్రిబ్బే. కడ్డీల మధ్య సందు టేపు పెట్టి కొలిచాను, 5.7 సెం.మీ. ఉంది. అమెరికా నిబంధన ప్రకారం అంగుళాల్లో రెండూ మూడెనిమిదో వంతులు, అంటే దాదాపు 6 సెం.మీ. దాటకూడదు. యూరప్ ప్రమాణం 4.5 నుంచి 6.5 దాకా ఒప్పుకుంటుంది. టేపు లేకపోతే మామూలు కూల్‌డ్రింక్ డబ్బా పెట్టి చూడండి. అది సందులోంచి దూరిందంటే పిల్లల ఒళ్లు దూరి తల ఇరుక్కునే ప్రమాదం ఉన్నట్టే. నాలుగు పక్కలూ కదలకుండా బిగించినవే. మా పెద్దమ్మ వాళ్లింట్లో పాత క్రిబ్ ఒకటి ఖాళీగా ఉంది, తీసుకెళ్లమన్నారు. దాని ఒక పక్క కిందికి జారుతుంది. నాలాంటి పొట్టివాళ్లకి అంతకంటే హాయి ఉండదు, నిజానికి మనసు అటే లాగింది. కానీ ఆ జారే పక్కల కొక్కేలు విరిగి, సందుల్లో పిల్లలు ఇరుక్కుని చనిపోయారని అమెరికాలో 2011 నుంచి వాటి అమ్మకమే ఆపేశారు. పెద్దమ్మకి సర్దిచెప్పడానికి రెండు ఫోన్లు పట్టింది.

పరుపు దగ్గర ఇంకో పంచాయితీ. అమ్మ పిడికిలితో నొక్కి చూసి, "ఇదేం పరుపే, బల్ల మీద గుడ్డ పరిచినట్టుంది! పసిదాని ఒళ్లు హూనమైపోదూ?" అంది. మెత్తటి దాంట్లో ముఖం కూరుకుపోతే తల తిప్పుకునే ఓపిక దానికింకా లేదమ్మా అని చెప్పాను. గట్టిగా, సమంగా ఉండాలి. పరుపుకీ క్రిబ్ అంచుకీ మధ్య రెండు వేళ్లకి మించి పట్టకూడదు. మీద బిగువైన షీటు ఒక్కటే. పాపను వెల్లకిలా పడుకోబెట్టాలి. అమ్మ ఒప్పుకోలేదు గానీ, మొదటి రాత్రి పాప ఆ బల్ల మీదే మూడు గంటలు ఏకబిగిన పడుకునేసరికి మాట మార్చి, "దాని తాత పోలిక, ఎక్కడ పడేస్తే అక్కడే నిద్ర" అంది.

అసలు చిక్కు పరుపు కిందికి దిగాక వచ్చింది. క్రిబ్‌లో పరుపుకి మూడు మెట్లున్నాయి. పుట్టినప్పుడు పై మెట్టు, చేతుల మీద లేవడం, కూర్చోవడం మొదలుపెడితే నడిమిది, పట్టుకుని నిలబడే వేళకి అడుగుది. పై మెట్టు మీద ఉన్నన్నాళ్లూ నాకు స్వర్గం. అడుగు మెట్టుకి వచ్చాక, నిద్రపోయిన పాపను రెండు చేతుల్లో పట్టుకుని అంచు మీదుగా వంగితే, నా చంకలు కర్రకి తగిలి అక్కడే ఆగిపోతాయి. పాప వీపుకీ పరుపుకీ మధ్య ఇంకా జానెడు మిగిలి ఉంటుంది. ఆ చివరి జానెడు ఎలా దింపాలో ఏ కాగితంలోనూ రాయలేదు. వదిలేస్తే ఉలిక్కిపడి లేస్తుంది. ముందు పాదాలు ఆనించి, తర్వాత పిరుదులు, చివరికి తల కింద నుంచి అరచేయి లాక్కోవడం అనే పద్ధతికి నాకు రెండు వారాలు పట్టింది. మా ఆయన ఆరడుగుల మనిషి. ఆయనకి ఈ పేరా అర్థం కూడా కాదు.

ఇక సొరుగుల బల్ల. ఎడమచేతి గోల ఇక్కడిదే.

పై ట్రేలో అంచులు లేచిన మెత్త ఉంటుంది, పాప నడుముకి బెల్టు ఉంటుంది. కుడిపక్కన వైప్స్, క్రీము, డైపర్లు పెట్టుకునే చిన్న అర బిగించి ఉంటుంది. ఈ బల్ల గీసినాయన చేతివాటం ఏమిటో చూడగానే చెప్పొచ్చు. ఆయన లెక్కలో పాప తల మీకు ఎడమవైపు, కాళ్లు కుడివైపు. ఎడమచేయి పాప ఛాతీ మీద, కుడిచేయి పనిలో. కుడిచేతివాళ్లకి చక్కగా కుదురుతుంది. బెల్టు ఉన్నా సరే ఒక చేయి ఎప్పుడూ పాప మీదే ఉండాలి, దాంట్లో మినహాయింపు లేదు. కాబట్టి బల్ల మీద మీకు మిగిలేది ఒక్క చేయి. ఆ మిగిలే చేయి ఏదన్నదే లెక్క. నాకు ఎడమది మిగలాలి. అంటే పాపను తిరగేసి, తల కుడివైపు పెట్టి పడుకోబెట్టాలి. అప్పుడు సామాన్ల అర పాప నెత్తి పక్కకి వచ్చి కూర్చుంటుంది.

ఒక రాత్రి సంగతి చెబుతా. తెల్లవారుజామున మూడయి ఉంటుంది. డైపర్ విప్పేశాను. కుడిచేయి పాప మీద ఉంది. ఎడమచేయి పాప ముఖం మీదుగా చాపి, వైప్స్ డబ్బాలోంచి ఒకటి లాగాను. ఒకటి రాలేదు. దాని తోక పట్టుకుని రెండోది, దాని వెనక మూడోది, రైలుపెట్టెల్లా వస్తూనే ఉన్నాయి. డబ్బా కూడా లేచింది. నా నైటీ చేయి పాప ముక్కు మీద పడింది, ఆవిడ ఏడుపు లంకించుకుంది. తడి గొలుసు వదిలించుకోవడానికి కుడిచేయి ఒక్క క్షణం తీశాను. ఆ ఒక్క క్షణంలో మడమతో క్రీము ట్యూబుని ఒక్క తన్ను తన్నింది. అది నేల మీద పడింది, నేను దాని మీద కాలేశాను. మూత సరిగ్గా పెట్టలేదు. మిగతాది మీ ఊహకి వదిలేస్తున్నా. అప్పట్లో రోజుకి పది డైపర్లు మార్చేదాన్ని. పదిసార్లు పాప ముఖం మీదుగా చేయి చాచడం అన్నమాట.

వెబ్‌సైట్‌లో "పక్క అరను ఎటువైపైనా బిగించుకోవచ్చు" అని స్పష్టంగా ఉంది. విప్పి చూస్తే రంధ్రాలు ఒక్క కుడివైపే. కంపెనీకి ఫొటోతో సహా రాశాను. "ట్రేని తిప్పి బిగించండి" అని జవాబొచ్చింది. తిప్పితే ట్రే వెనకంచు ముందుకొస్తుంది, బెల్టు గోడవైపు పోతుంది. మళ్లీ రాశాను. "మీ సూచనను సంబంధిత విభాగానికి పంపాం" అన్నారు. ఆ విభాగంలో ఒక్క ఎడమచేతి మనిషైనా ఉండి ఉంటే బాగుండు.

చివరికి మా ఆయన డ్రిల్లింగ్ మెషిన్ తెచ్చి ఎడమవైపు రెండు రంధ్రాలు వేశారు. గ్యారంటీ పోతుందేమో అన్నాను. "ఏ గ్యారంటీ?" అన్నారు.

మెషిన్ చేతిలో ఉంది కదా అని ఇంకో పనీ అయింది, అది ఎప్పుడో కావాల్సింది. సొరుగుల బల్లని గోడకి పట్టీలతో బిగించి తీరాలి. సొరుగులన్నీ ఒకేసారి బయటికి లాగితే బరువంతా ముందుకొచ్చి బల్ల బోర్లా పడుతుంది, అడుగు సొరుగు మీద పిల్లలు కాలు పెట్టి ఎక్కితే మరీను. ఆ పట్టీల పొట్లం మాకు మూడో వారంలో దొరికింది. ఎక్కడంటారా, అడుగు సొరుగు వెనక, టేపు వేసి అతికించి ఉంది. బిగించే చిత్రం పుస్తకం చివరి పేజీలో, గ్యారంటీ కార్డు వెనక. దీనికి మాత్రం నేను ఒక స్టారు నిర్దాక్షిణ్యంగా కోసేశాను. సెట్‌లో అన్నింటికంటే ముందు చేతికి తగలాల్సిన వస్తువు అది.

సొరుగులు మాత్రం మెత్తగా, చప్పుడు లేకుండా మూసుకుంటాయి. వెడల్పుగా ఉన్నాయి, బాగా పడతాయి. కొత్తలో లోపల ఘాటు వాసన వచ్చింది. చెక్కపొడి పలకల్లో వాడే జిగురులోని ఫార్మాల్డిహైడ్ ఇలాంటి వాసనకి మామూలు కారణం. రెండు వారాలు సొరుగులు తీసి, కిటికీ తెరిచి ఉంచాక తగ్గింది. పాప బట్టలు ఆ తర్వాతే పెట్టాను. మీరు కొంటే కాన్పుకి ఒక నెల ముందే తెప్పించుకోండి. గోడ రంగులకీ ఇదే మాట.

కుర్చీ గురించి ఎక్కువ చెప్పను, చెబితే కోపం వస్తుంది. చూడ్డానికి రాజాలా ఉంటుంది. కూర్చునే చోటు మరీ లోతు. నేను వీపు ఆనిస్తే పాదాలు నేలకి అందవు, పాదాలు ఆనిస్తే వీపు గాల్లో ఉంటుంది. ఊగకుండా ఆపే మీట కుడివైపు అడుగున ఉంది. పాప నిద్రపోయాక లేవాలంటే కుర్చీ ముందుకి జారిపోతుంది, చేతులు ఆనించుకుందామంటే చేతులు ఖాళీ లేవు. కుర్చీ కొనేవాళ్లు దుకాణంలో ఓ దిండుని గుండెలకి హత్తుకుని కూర్చోండి. తర్వాత చేతులు వాడకుండా లేచి చూడండి. నవ్వేవాళ్లు నవ్వుతారు. ఇప్పుడు దాంట్లో ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టలు కూర్చుంటున్నాయి.

డెకర్ ప్యాక్‌లో క్రిబ్ కోసం ఇచ్చిన మెత్తటివేవీ క్రిబ్‌లోకి వెళ్లలేదు. బంపర్, దిండు, బొంత, మూడూ ఊపిరికి అడ్డం పడేవే. బంపర్ల అమ్మకాన్ని అమెరికాలో 2022లో చట్టం చేసి మరీ నిషేధించారు. కంపెనీవాళ్లు ఇంకా దాన్ని సెట్‌లో పెట్టి, క్రిబ్‌కి కట్టి ఫొటోలు తీస్తున్నారు. ఇది పొరపాటు కాదు, అజాగ్రత్త. మేఘాల బంపర్ నా నడుం వెనక ఆసరాగా, అరచేయంత దిండు పాలిచ్చేటప్పుడు నా మోచేతి కింద బ్రహ్మాండంగా పనికొచ్చాయి. మొబైల్ అయిదు నెలలు పని చేసింది. పాప చేతుల మీద లేవబోతున్న రోజునే తీసేశాను, దారాలు అందితే మెడకి చుట్టుకుంటాయని. అసలు దాని మేఘాలన్నీ లేత బూడిదరంగు. పుట్టిన పిల్లలకి 20, 30 సెం.మీ. దాటితే అంతా మసకే, గాఢమైన తేడా ఉన్న గీతలే కాస్త కంటికి ఆనతాయి. నేను తెల్ల అట్ట మీద నల్ల స్కెచ్ పెన్నుతో నాలుగు వృత్తాలు గీసి బల్ల పక్క గోడకి అంటించాను. ఆ మేఘాల వంక ఒక్కసారి కూడా చూడని పిల్ల ఆ అట్ట వైపు రెప్ప వేయకుండా చూసేది. గోడ రంగు ఎంచుకోవడానికి మేం తిన్న తలలు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ లేత ఆకుపచ్చ మా ఇద్దరి కళ్ల కోసమే.

సెట్‌లో లేనివి రెండు చెప్పి ఆపుతా. మందపాటి కర్టెన్లు విడిగా కొన్నాం, వెలుతురు బాగానే ఆపుతాయి. కానీ ఇనుప రింగులు కడ్డీ మీద జరిగేటప్పుడు చేసే కీచు శబ్దం ముందు పాప ఏడుపు ఎందుకూ చాలదు. కొవ్వొత్తి ముక్కతో కడ్డీ రుద్దాక ఊరుకుంది. లాగే తాళ్లున్న రకం మాత్రం వద్దు, పిల్లల మెడకి అవి ఉరితాళ్లే. రెండోది, ఆఫీసు స్నేహితులు ఇచ్చిన హోరు యంత్రం, వాన చప్పుడు వస్తుంది. 2014లో ఇలాంటి యంత్రాలని పరీక్షిస్తే, పూర్తి శబ్దంలో 30 సెం.మీ. దూరాన కొన్ని 85 డెసిబెల్స్ దాటాయట. అందుకే మాది క్రిబ్‌కి రెండు మీటర్ల అవతల, కిటికీ గట్టు మీద, సన్నగా మోగుతుంది. దాని రిమోట్‌లో రూపాయిబిళ్ల లాంటి గుండ్రటి బ్యాటరీ ఉంది. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు. రిమోట్‌ని బ్యాటరీ తీసేసి అటక మీద పడేశాం.

నా మార్కులు: క్రిబ్‌కి నాలుగు స్టార్లు, బల్లకి మూడు, కుర్చీకి ఒకటి, డెకర్ ప్యాక్‌కి సున్నా. మళ్లీ కొనమంటే క్రిబ్, బల్ల విడివిడిగా కొంటాను. కుర్చీ స్థానంలో చేతులున్న మామూలు సోఫా కుర్చీ, కాళ్ల కింద చిన్న పీట చాలు.

అర ఎడమవైపుకి మారాక నాకు హాయిగా ఉంది. మా ఆయనది కుడిచేతివాటం. పగటి డైపర్లు చాలావరకు ఆయనవే. ఇప్పుడు ఆయన చేయి పాప ముఖం మీదుగా వెళ్లాల్సి వచ్చి, రెండో రోజుకే గొణుగుడు మొదలైంది. స్క్రూలు తీసేసి, రెండు వైపులా రంధ్రాల్లో కొక్కేలు బిగించారు. అర వెనక వైరు వంచి తగిలించారు. ఎత్తి ఇటు తగిలిస్తే నాది, అటు తగిలిస్తే ఆయనది, అయిదు సెకన్ల పని. రాత్రి మూడింటికి లేచి ఎడమవైపు చేయి చాపితే మాత్రం ఇప్పటికీ చాలాసార్లు గాలే తగులుతుంది. అర అటువైపే ఉంటుంది.